నీళ్లివ్వకుండా కోసిన తివాచీ

యెజ్జాకు మొగుడి మీద గౌరవం పోయి చాలా కాలమైంది. అది ఒక్కరోజులో పోలేదు. పాతగోడ సున్నంలా కొంచెం కొంచెంగా రాలుతూ వచ్చి, చివరికి రాలడానికి ఏమీ మిగల్లేదు. మిమూన్ చెడ్డవాడేం కాదు. కొట్టడు, తాగడు, పక్క చూపులు చూడడు. చెడ్డవాడు కావడానికైనా కాస్త దమ్ముండాలి కదా అని యెజ్జా అభిప్రాయం. ఊట దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఆడవాళ్లు మొగుళ్ల మీద చాడీలు చెప్పుకుంటుంటే ఆమె మాత్రం కలిసేది కాదు. "మావాడి సంగతి చెప్పడానికేముందే, కుండలో ఏమన్నా ఉంటే కదా ఒంపేది" అని తన కుండ ఎత్తుకుని కొండెక్కిపోయేది.

మిమూన్ వయసులో ఉన్నప్పుడు ఒక చలికాలం ఖురీబ్గా గనుల దగ్గర పనిచేసి వచ్చాడు. గనిలోకి దిగలేదు. గేటు దగ్గర కాపలా. లారీ వస్తే గేటు తెరవాలి, పోతే మూయాలి. ఆ ఒక్క చలికాలాన్ని అతను జీవితమంతా వాడుకున్నాడు. రొట్టె మాడితే ఖురీబ్గాలో రొట్టె ఎలా ఉండేదో చెప్పేవాడు. వాన కురిస్తే ఖురీబ్గా వాన గొప్పతనం చెప్పేవాడు. గేటు తెరిచి మూసిన మనిషికి లోకజ్ఞానమంతా ఎక్కడి నుంచి వచ్చిపడిందో ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. ఎదురుగా నవ్వితే బాగుండదని వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు. అది గౌరవమనుకునేవాడు మిమూన్.

యెజ్జా సంగతి వేరు. అట్లాస్ కొండల్లో ఆ చుట్టుపక్కల ఆమెలా తివాచీ ముడులు వేసేవాళ్లు లేరు. ఆ మాట ఆమె ముందు ఎవరైనా అంటే కాదనేది కాదు. పొరుగింటి తూదా నేసినదాన్ని ఒకసారి తిరగేసి వెనకవైపు చూసి, "ఆ ఉన్నిచ్చిన గొర్రె దీన్ని చూడకముందే చచ్చిపోయింది, అదృష్టవంతురాలు" అంది. తూదా పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు పడుగు సాయానికి యెజ్జానే పిలవాల్సి వచ్చింది. ఇక ఎదురింటి రబ్హా అయితే ముందే చెప్పేసేది, "అక్కా, నువ్వు చూడు గానీ నోరు తెరవొద్దు" అని.

చలికి తివాచీలే కప్పుకునే ఆ కొండల్లో, ఇంత నేసిన మనిషికి ఇంట్లో కప్పుకోవడానికి సరైన తివాచీ లేదు. కాపురానికొచ్చిన కొత్తలో నేసినది అత్త తీసుకుని చనిపోయే వరకూ దాని కిందే పడుకుంది, ఆమె చనిపోయాక ఆడపడుచు పట్టుకుపోయింది. తర్వాతది మరిది పెళ్లికి పోయింది. ఇంకోటి మసీదుకు ఇచ్చారు. దాని మీద మోకాళ్లు ఆనించిన ప్రతిసారీ మిమూన్ పక్కవాడికి "మా ఇంటిదే" అని చెప్పుకునేవాడు. కూతురు కొండవతల కాపురానికి పోతుంటే ఒకటి పెట్టి పంపింది. దానికామె ఏనాడూ బాధపడలేదు. మరొకదాన్ని మిమూన్ సంతలో కంచరగాడిదకు మార్చాడు. ఆ కంచరగాడిద రెండో చలికాలం చూడలేదు. ఇప్పుడు ఇంట్లో మిగిలింది అత్తగారి కాలంనాటి బోడి తివాచీ, మిలటరీ దుప్పట్లు. ఊరందరినీ వెచ్చగా పడుకోబెట్టిన మనిషి తాను మాత్రం చలికాలమంతా మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పళ్లు కొరుక్కుంటూ పడుకునేది. ఈ విషయంలో ఆమెకు మిమూన్ మీద ఉన్నంత కోపమూ తన మీదా ఉంది. ఇవ్వమన్నప్పుడల్లా ఇచ్చింది తనే కదా.

అందుకని ఆ వసంతంలో మగ్గం నిలబెట్టేటప్పుడు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. పడుగు తోడడానికి ముగ్గురు ఆడవాళ్లు కావాలి. మేకుల దగ్గర తూదా, రబ్హా చెరోవైపు కూర్చున్నారు. నూలు ఉండ పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది యెజ్జా.

"ఇది ఎవరికే ఈసారి?" అంది తూదా.

"నాకు."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదని చూసి ఆపేశారు.

"నీకంటే?" అంది రబ్హా.

"నాకంటే నాకే. నేను కప్పుకుంటా. చచ్చేదాకా. తర్వాత మీరు కొట్టుకు చావండి."

ఉన్ని కూడా ఆమెదే. పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన గొర్రె కడుపున పుట్టినవాటి సంతతి ఇంకా మందలో ఉంది. వాటి ఉన్ని తెల్లగా, పొడుగ్గా, జిడ్డు బాగా పట్టి ఉంటుంది. ఏరి, ఉతికి, ఏకి, వడికి పెట్టుకుంది. తెలుపు మీద మేక నలుపుతో సన్నని గీతలు. బొచ్చు నాలుగు వేళ్ల పొడవు. ఒంటివైపు బొచ్చు వచ్చేలా కప్పుకుంటే బయట మంచు మోకాలి లోతు పడినా తెలియకూడదు. వసంతం పోయి ఎండాకాలం వచ్చింది. అదీ పోయి ఆకులు రాలే కాలానికి తివాచీ పై దూలానికి రెండు జానల దూరంలోకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే మిమూన్‌కు పదవి పిచ్చి పట్టుకుంది. ఊరి మొకద్దం ముసలివాడై చనిపోయాడు. సర్కారు తరఫున ఊరికి కన్నూ చెవీ అతనే. ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరు ఎవరితో తగువు పడ్డారో పైవాళ్లకు చెప్పాలి. పెద్దగా జీతం లేదు గానీ అధికారి జీపు వస్తే ముందు అతని గుమ్మం ముందే ఆగుతుంది. జీపు తన గుమ్మం ముందు ఆగడం కోసం మిమూన్ ఎంతకైనా దిగజారగలడు. నిజానికి అతనికి దిగజారడానికి పెద్ద దూరమేమీ లేదు. పట్నంలో గుమాస్తా చుట్టూ తిరిగి, అతనికి వెన్న డబ్బా సమర్పించి, కొత్తగా వచ్చిన అధికారి గురువారం ఊరికి వస్తున్నాడని, మిమూన్ ఇంట్లోనే భోజనమని కబురు తెచ్చాడు. వస్తూ వస్తూ మగ్గం ముందు నిలబడ్డాడు.

"ఇంకెంత ఉంది ఇది?"

"ఎంతుంటే నీకేం."

"గురువారం అధికారి వస్తాడు కదా. ఆయన కింద ఏం పరుద్దాం?"

"ప్లాస్టిక్ చాప ఉంది."

"ఖురీబ్గాలో పెద్దోళ్లొస్తే ఎట్టాంటి తివాచీలు పరిచేవాళ్లో తెలుసా నీకు?"

"తెలీదు. ఖురీబ్గా పోయి తెచ్చుకో."

మిమూన్ గొంతు తగ్గించి ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఏదైనా కావాలంటే అతను అలాగే కూర్చుంటాడు. "ఆయనకి మన తెల్ల తివాచీలంటే పిచ్చంట. గుమాస్తా చెప్పినాడు. భోజనానికి పరిచి, పోయేటప్పుడు జీపులో పెట్టేసినామంటే మొకద్దం పదవి మనింటికి నడుచుకుంటూ వస్తది."

"మనింటికేంది, నీకు."

"నాకొస్తే నీకు రానట్టా?"

"చలికాలం పదవి కప్పుకుని పడుకోమంటావా నన్ను?"

"ఇల్లు నాది, మగ్గం నాది" అన్నాడు మిమూన్, లేచి నిలబడి.

"ఉన్ని నాది. మా నాన్న ఇచ్చిన గొర్రెలది. చేతులు నావి. నీయి ఆ రెండు దూలాలే. కావాలంటే అవి ఊడబెరుక్కుపోయి అధికారి కింద పరువు."

ఆమె ఇనప దువ్వెన తీసుకుని పేకను దబదబా కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో అతను ఇంకేదో అన్నాడు. ఆమె వినలేదు. వినదగ్గ మాట అతని నోట రాదని ఆమెకు తెలుసు.

ఆ కొండల్లో మగ్గం మీద ఉన్న తివాచీకి ప్రాణం ఉంటుంది. పడుగు నిలబెట్టిన రోజు పుడుతుంది, దూలం నుంచి కోసిన రోజు పోతుంది. అందుకే కోసేటప్పుడు మగవాళ్లందరినీ ఇంట్లోంచి పంపేస్తారు. పోతున్న మనిషికి గొంతు తడిపి కలిమా చెప్పినట్టే, నేసిన మనిషి దాని మీద నీళ్లు చిలకరించి కలిమా చదివి అప్పుడు కోస్తుంది. నీళ్లివ్వకుండా కోసినదాని మీద కూర్చున్న మగవాడు తన కాలం తీరకముందే పోతాడు. ఈ సంగతి ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మిమూన్‌కు తెలియదా అంటే తెలుసు. కానీ ఖురీబ్గాలో గేటు దగ్గర నిలబడి వచ్చాక తనకు ఇలాంటివాటి మీద నమ్మకం పోయిందని అందరికీ చెప్పుకున్నాడు కదా. చెప్పుకుని చెప్పుకుని తనూ నమ్మాడు.

గురువారం పొద్దున యెజ్జా కట్టెలకని కొండమీదికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మగ్గం ఖాళీగా ఉంది. పై దూలానికి తెగిన పోగులు వేలాడుతున్నాయి. తివాచీ నేల మీద చుట్టి ఉంది. మిమూన్ చేతిలో బక్రీదుకు గొర్రెను కోసే కత్తి ఉంది.

ఆమె కట్టెల మోపు దింపడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"నీళ్లు పోసినావా?" అంది.

"ఉన్నికి నీళ్లేందే. చంద్రుడి మీదికి మనుషులు పోయొచ్చిన కాలంలో ఉండాం మనం."

"అది సగంలో ఉంది. రెండు జానలు ఉంది ఇంకా."

"ఆయనేమన్నా కొలతపట్టీ తెచ్చుకుని వస్తాడా?"

ఆమె మోపు అక్కడే పడేసి నీళ్లకుండ వైపు నడిచింది. మిమూన్ పరిగెత్తి అడ్డం నిలబడ్డాడు. "ఇప్పుడు తడపొద్దు. తడిసిన ఉన్ని మీద అధికారి కూర్చుంటాడా? నాలుగు రోజులైనా ఆరదు. ఆయన్ని పోనీ, తర్వాత నీ ఇష్టమొచ్చినన్ని నీళ్లు పోసుకో."

"తర్వాత అది జీపులో ఉంటది కదా."

మిమూన్ చుట్టిన తివాచీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని ముంగిట్లోకి పోయాడు. యెజ్జా ఏడవలేదు. ఇలాంటివాడి ముందు ఏడిస్తే తనకే తక్కువ అనుకుంది. ఇన్నేళ్లూ ఇతని పక్కన పడుకున్నానే అని మాత్రం అనుకుంది.

కుండ ఎత్తుకుని ఊట దగ్గరికి వెళ్లింది. జీవితంలో మొదటిసారి మొగుడి సంగతి అక్కడ విప్పి చెప్పింది. ఎక్కువ మాటలేం వాడలేదు. "నీళ్లివ్వకుండా కోసినాడు. బక్రీదు కత్తితో" అంది. ఆడవాళ్ల చేతుల్లో కుండలు ఆగిపోయాయి. తూదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఎవరిళ్లకు వాళ్లు, కుండలు సగం నింపుకునే, గబగబా వెళ్లిపోయారు. ఎవరి మొగుళ్ల ప్రాణాలు వాళ్లకు ముద్దు.

మధ్యాహ్నానికి జీపు వచ్చి మిమూన్ గుమ్మం ముందే ఆగింది. అతను కోరుకున్నట్టే ఆగింది. అధికారి కుర్రవాడు, పల్లపు పట్నాలవాడు. బూట్లు విప్పి మేజోళ్లతో ముంగిట్లోకి వచ్చి, తెల్లటి తివాచీ చూసి ముఖం వికసించగా దాని నడిమధ్యన కూర్చున్నాడు. అరచేతితో బొచ్చు నిమిరాడు. మేడ మీద అంచుకు ఆనుకుని ఆడవాళ్లంతా కిందికి చూస్తున్నారు. యెజ్జా కూడా చూస్తోంది.

ఊరి పెద్దలు వచ్చారు. వచ్చి, తివాచీ చుట్టూ మట్టినేల మీద నిలబడ్డారు.

"కూర్చోండి, కూర్చోండి" అన్నాడు అధికారి.

"పర్లేదయ్యా, మాకు నిలబడ్డం అలవాటే" అన్నాడు ఒకడు. నిన్న పొద్దంతా టీకొట్టు అరుగు మీద కదలకుండా కూర్చున్నవాడే అతను. ఇంకొకడు మోకాళ్లు వంగడం లేదన్నాడు. మూడోవాడికి ఉన్నట్టుండి మేక గుర్తొచ్చింది, వెళ్లిపోయాడు. అందరిలోకీ పెద్దవాడైన జాయిద్ తాత కర్ర మీద గడ్డం ఆనించి ఆ తివాచీనే చూస్తున్నాడు.

అధికారి ముఖంలో చిరునవ్వు సన్నగిల్లింది. మిమూన్ వైపు తిరిగి, పక్కన అరచేత్తో తట్టి, "మీరైనా రండి. ఇలా నా పక్కన కూర్చోండి" అన్నాడు.

మిమూన్ జీవితమంతా ఎదురుచూసిన మాట అది. ఊరంతా చూస్తుండగా, అధికారి పక్కన, ఒకే తివాచీ మీద. యెజ్జా మేడ మీద నుంచి ముందుకు వంగి చూసింది. మిమూన్ కుడికాలి చెప్పు విడిచాడు. కాలు ఎత్తాడు. తివాచీ అంచు దాకా పోయింది కాలు. అక్కడే గాలిలో ఆగింది. మడమ వణకడం మేడ మీదికి కూడా కనబడుతోంది. ఖురీబ్గా, చంద్రుడు, గేటు, లారీలు ఏవీ ఆ కాలును కిందికి దించలేకపోయాయి. మెల్లగా వెనక్కి తీసుకుని చెప్పులో పెట్టుకున్నాడు.

"కాళ్లు మురిగ్గా ఉండాయయ్యా" అన్నాడు.

రబ్హా నోరు నొక్కుకుంది. యెజ్జాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ అతను పిరికివాడని అనుకుంది గానీ, తన నమ్మకాన్ని తనే ఒప్పుకోలేనంత పిరికివాడని అనుకోలేదు. వేరేవాళ్ల ప్రాణాలు దాని మీద కూర్చోబెట్టడానికి మాత్రం భయం లేదు.

"ఈ తివాచీకి ఏమైంది?" అన్నాడు అధికారి. ఈసారి గొంతు గట్టిగా ఉంది.

జాయిద్ తాత గొంతు సవరించుకున్నాడు. "తప్పుగా అనుకోవద్దు నాయనా. దీనికి నీళ్లియ్యలేదు. పొయ్యేటప్పుడు నీళ్లియ్యనిదాని మీద మేం కూర్చోం. మీరు పట్నమోళ్లు, మీకేం కాదులే."

మీకేం కాదులే అన్నాడు గానీ అధికారి చాచిన కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. పట్నంవాడికైనా ఎక్కడో ఒక నాయనమ్మ ఉండే ఉంటుంది. "ఎవరిది ఇది?" అన్నాడు.

అందరూ మిమూన్ వైపు చూశారు. ఎవరిదైతే దాని చావు వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. మిమూన్ రెండు చేతులూ ముందుకు చాపి, తన ఒంటి మీద నుంచి ఏదో దులిపేసుకుంటున్నట్టు ఊపాడు.

"నాది కాదయ్యా. నాకేం సంబంధం లేదు. నా పెళ్లానిది. ఉన్నీ దానిదే, చేతులూ దానివే. నాదేముంది ఇందులో."

అన్నేళ్ల కాపురంలో అతని నోట వచ్చిన నిజమైన మాట అదే. అది కూడా భయానికే వచ్చింది. యెజ్జా ఇక అక్కడ నిలబడలేదు. చేతులు కడుక్కోవడానికని నింపి పెట్టిన కొమ్ముచెంబు అందుకుని మెట్లు దిగింది. అధికారులు వచ్చినప్పుడు ఆడవాళ్లు ముంగిట్లోకి రారు. ఎవరూ ఆమెను ఆపలేదు. మగవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు.

"అందరూ విన్నారు కదా, ఇది పెళ్లానిదేనన్నాడు" అంది. తర్వాత అధికారితో, "లేవండయ్యా. ఎంతోసేపు పట్టదు" అంది.

అధికారి లేచి మేజోళ్లతో మట్టినేల మీదికి దిగాడు. మామూలుగా అయితే నాలుగు చుక్కలు చిలకరిస్తారు. యెజ్జా నాలుగు మూలలా తిరిగి, నడుమకు వచ్చి, చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. పోస్తూ తక్కువ గొంతుతో కలిమా చదివింది. మగవాళ్లందరూ తలలు వంచుకున్నారు. తెల్లటి ఉన్ని నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. తూదా, రబ్హా పిలవకుండానే దిగివచ్చారు. ముగ్గురూ దాన్ని చుట్టి ఎత్తుకున్నారు. మెట్ల దగ్గర యెజ్జా ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"లోపల ప్లాస్టిక్ చాప ఉంది. తెచ్చి పరువు" అంది మొగుడితో.

అతను తెచ్చి పరిచాడు. ఊరి పెద్దలందరూ హాయిగా కూర్చున్నారు, మోకాళ్లు వంగని మనిషి అందరికంటే ముందు కూర్చున్నాడు. కాల్చిన మాంసం బాగా కుదిరిందని అందరూ అన్నారు. అధికారి పెద్దగా తినలేదు. మొకద్దం పదవి తర్వాత కింది వాడలోని ఒక చక్కెర వ్యాపారికి దక్కింది. అతని ఇంట్లో ఎప్పుడూ ప్లాస్టిక్ చాపే. తానే వద్దన్నానని మిమూన్ కొన్నాళ్లు చెప్పుకుని చూశాడు. వెనక్కి తిరిగే ఓపిక కూడా లేకుండా అందరూ ఎదురుగానే నవ్వారు. దాంతో ఆ మాట మానేశాడు.

తివాచీ మేడ మీద వారం రోజులు ఆరింది. తెగిన పోగులను యెజ్జా కూర్చుని రెండేసి చొప్పున ముడివేసింది. పొడవు తక్కువే అయింది. దానికామె కోపం ఇప్పటికీ తగ్గలేదు, అటువైపు గీతలు పూర్తికాకుండా ఆగిపోయిన చోట చూపు పడితే మిమూన్‌ను తిడుతుంది, అతను ఇంట్లో ఉన్నా లేకపోయినా.

తొలి మంచు పడిన సాయంత్రం పొయ్యి ఆర్పి పక్కలు పరిచారు. యెజ్జా తన తివాచీని బొచ్చు ఒంటివైపు వచ్చేలా కప్పుకుంది. కాసేపటికే మోకాళ్లు చాచుకుంది. ఎన్ని చలికాలాల తర్వాత అలా చాచుకుందో ఆమెకే గుర్తులేదు. మిమూన్ మిలటరీ దుప్పటి కింద అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. చివరికి లేచి వచ్చి ఆమె పక్క దగ్గర నిలబడ్డాడు. అంచు పట్టుకోబోయి ఆగాడు.

"నీళ్లు పోసినావు కదా" అన్నాడు. "ఇప్పుడు దీని కింద పడుకుంటే మగోళ్లకేం కాదు కదా?"

ఆమె పైకి చూసింది. అతనికి తెలుసుకోవాల్సింది అదొక్కటే. ఇంకేమీ అడగాలని తోచలేదు.

"దానికేం అభ్యంతరం లేదు. మగోళ్లెవరన్నా పడుకోవచ్చు" అంది యెజ్జా.

అతను ఊపిరి వదిలి వంగాడు.

"అభ్యంతరం నాకుంది. పోయి నీ దుప్పట్లో పడుకో" అని, తివాచీని భుజాల మీదికి లాక్కుని అటువైపు తిరిగి పడుకుంది.